ఎక్కడికీ కాదు

మా వీధి చివరి కర్రీ పాయింట్ ముందు సాయంత్రం పూట ఒక వాసన నిలబడి ఉంటుంది. ఇంగువ, మరిగిన నూనె, ఆ రెంటినీ మించి, వేడి పులుసు పోసి మెడ దగ్గర రబ్బరు బ్యాండు బిగించిన ప్లాస్టిక్ కవరు వాసన. గుడివాడలో ఇప్పుడు చాలా ఇళ్ళలో రాత్రికి అన్నం ఒక్కటే వండుతున్నారు, కూరలు కవర్లలో వస్తున్నాయి. పగలంతా ఉద్యోగం చేసి వచ్చిన ఆడమనిషి మళ్ళీ పొయ్యి ముందు నిలబడి తీరాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు, నేనూ చెప్పను. కానీ కవరు మూలను కత్తెరతో కత్తిరించి గిన్నెలోకి వంపినప్పుడు లేచే ఆవిరికి నేను మొహం తిప్పుకుంటాను. పొద్దున వండిన కూరను రాత్రికి మళ్ళీ వేడి చేసిన వాసన అది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది మా అమ్మ కంచం వాసన.

అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర పల్లె, సముద్రం మీద బతికే ఇల్లు. నాన్న వాళ్ళు పెడనలో మగ్గాల వాళ్ళు. నాన్న హేతువాది. పురోహితుణ్ణి పిలవకుండా, ముహూర్తం చూడకుండా, మిట్టమధ్యాహ్నం దండలు మార్చుకుని అమ్మను పెళ్ళి చేసుకుని గుడివాడలో కాపురం పెట్టాడు. ఆ కాపురంలోకి నాయనమ్మ కూడా వచ్చింది, తన శకునాలన్నీ వెంటబెట్టుకుని. ఇంట్లో ఇద్దరు ప్రవక్తలు ఉండగా వంట చేసే మనిషి మాత్రం ఒక్కతే.

ఆ వంటను తలచుకుంటే ఇప్పటికీ ఋతువులు నాలుక మీదే తిరుగుతాయి. ఎండాకాలం మామిడికాయ పప్పు, మధ్యాహ్నాల్లో చలవగా ముంజలు, తొలకరికి కాలువలు వదలగానే కొత్తనీటికి ఎదురెక్కే చిన్న చేపలు, వాటిని అమ్మ బూడిదలో రుద్ది కడిగి చింతచిగురుతో దగ్గరగా వండితే వీధి మొదట్లోకే వచ్చే కమ్మని వాసన, వానలు ముదిరాక గోంగూర, చలికాలం చిక్కుళ్ళు, లేత వంకాయలు. అట్లతద్దికి చీకటితోనే లేచి ఉల్లిపాయ పులుసుతో అన్నం తిని, ఉయ్యాలలూగి, అరిపాదాలు మండేదాకా తొక్కుడుబిళ్ళ ఆడి వచ్చేసరికి పెనం మీద అట్లు చుయ్యిమంటూ ఉండేవి. పండగ మూఢత్వమని ఉపన్యాసం ఇచ్చే నాన్న అట్లకు మాత్రం అందరికంటే ముందు పీట వాల్చుకునేవాడు. ఆదివారాలు నాన్న స్నేహితులు వచ్చి వసారాలో దేవుడు ఉన్నాడా లేడా అని తేల్చుకుంటూ ఉంటే పెసరట్లు వాయి తర్వాత వాయి లోపలి నుంచి వెళ్తూ ఉండేవి. స్త్రీ పురుష సమానత్వం మీద వాళ్ళు గొంతులు చించుకున్న రోజుల్లో పచ్చడి ఇంకాస్త ఎక్కువ నూరాల్సి వచ్చేది.

అమ్మ అందరి తర్వాత తినేది. తినేది అనడం కూడా సరికాదు, ఖాళీ చేసేది. నాన్న వదిలేసిన వేపుడు, నాయనమ్మ వద్దన్న పులుసు, నేను తుంచి పడేసిన అట్టు ముక్క, పొద్దుటి పప్పు, నిన్నటి పెరుగు. అన్నం పారేస్తే పాపమని నాయనమ్మ, పారేస్తే దుబారా అని నాన్న. ఆస్తికత్వమూ నాస్తికత్వమూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఒకే ఒక్క విషయం మా ఇంట్లో అదే. అలా వాళ్ళిద్దరి సిద్ధాంతాలూ అమ్మ పొట్టలోకి చేరాయి. అమ్మ లావెక్కుతుంటే నాయనమ్మకు గర్వం. "మా ఇంటికొచ్చాకే ఒళ్ళు చేసింది. వచ్చినప్పుడు ఎండు చేపలా ఉండేదండీ!" అని వచ్చిన వాళ్ళకల్లా చూపించేది. అమ్మ నవ్వేది. మెట్లెక్కితే ఆయాసపడడం, గిన్నెడు నీళ్ళు తాగినా దాహం తీరకపోవడం ఎవరికీ కనిపించలేదు.

ఒక వానాకాలం పెరట్లో చేపలు శుభ్రం చేస్తుంటే జెల్ల చేప ముల్లు అమ్మ కుడికాలి చిటికెన వేలికి గుచ్చుకుంది. పసుపు అద్దారు, సున్నం పెట్టారు. పుండు నల్లబడింది. బందరు పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళేసరికి వేలు తీసేయక తప్పలేదు. షుగరు ఉందని అప్పుడే తెలిసింది. కట్టు కట్టాక ఆయన అమ్మను అడిగిన ప్రశ్న, మంచం కోళ్ళ దగ్గర కూర్చున్న నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"రోజూ ఏం తింటావమ్మా?"

"మిగిలింది తింటానండీ."

"మిగిలింది అంటే ఏం కూర?"

"ఏది మిగిలితే అదేనండీ."

డాక్టరు గారు నాన్న వైపు చూశారు. నాన్న గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఈసారికి వేలుతో పోయింది. మళ్ళీ పుండు పడితే కాలు దక్కించడం నా చేతుల్లో ఉండదు" అన్నారు ఆయన, ఒక్కో మాటా విడివిడిగా. పుండు మానాక రోజూ చెమట పట్టేలా నడవాలి. బూట్లు లేకుండా గడప దాటకూడదు. గుంజీలు తియ్యాలి. అన్నం తగ్గించి, ఆకుకూరలు పెంచి, ఏ పూటకాపూట వండింది, అందరితో పాటు వేళకు తినాలి. అంతే. అందులో మందుబిళ్ళలు తప్ప కొనాల్సినది ఏమీ లేదు. కానీ బందరు నుంచి గుడివాడకు బస్సులో వస్తూ అమ్మ కిటికీలోంచి చూస్తూ ఏడ్చింది. కాలు పోతుందని ఏడుస్తోందని అనుకున్నాను. ఇవన్నీ ఇంట్లో ఎలా చెప్పాలా అని ఏడ్చిందని తర్వాత తెలిసింది.

పుండు మానింది. మొదటి రోజు అమ్మ తెల్లారగానే చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నాన్న కొన్న తెల్ల క్యాన్వాస్ బూట్లు తొడుక్కుని గుమ్మం దాటింది. అరుగు మీద పళ్ళు తోముకుంటున్న నాయనమ్మ తలెత్తి, "ఎక్కడికే?" అంది.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళిన పని చెడుతుంది, అడిగించుకున్న వాళ్ళు వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా వైపు పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ ఇది తెలుసు. తెలిసి కూడా అందరూ అడుగుతారు, నోరు ఊరుకోదు. నాయనమ్మ నాలుక కరుచుకుని, "అయ్యో, అడిగేశానే! లోపలికి రా, కూర్చో" అంది. అమ్మ బూట్లు విప్పి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరింది. ఈసారి పక్కింటి కాంతమ్మత్తయ్య ముగ్గు వేస్తూ, "వదినా, బూట్లేంటి, ఎక్కడికీ?" అంది. మళ్ళీ వెనక్కి. అప్పటికి పాలవాడు వచ్చాడు, నాన్నకు కాఫీ వేళయింది, నడక అయిపోయింది. రోజూ ఇదే తంతు. నాన్న వసారాలో నిలబడి, "మూఢనమ్మకానికి నా భార్య బలి కావాలా?" అని వీధి వీధంతా వినేలా అరిచేవాడు, ఆ తర్వాత కాఫీ ఇంకా రాలేదేమని కూడా అరిచేవాడు.

చివరికి అమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. ఎక్కడికని అడిగితే, "గుడికి" అనడం మొదలుపెట్టింది. దేవుడి దగ్గరికి వెళ్ళే మనిషికి శకునం అంటదట, అడిగిన వాళ్ళు లెంపలేసుకుని దారి ఇచ్చేవాళ్ళు. అమ్మ గుడి పక్క నుంచే దాటి, నన్ను వెంటబెట్టుకుని కాలువ గట్టెక్కేది. మొదట్లో తూము దాకా వెళ్ళేసరికే రొప్పేది. రానురాను నేను పరిగెత్తితే గాని అందనంత వడిగా నడిచేది. రేవు మెట్లు ఎక్కి దిగేది, తుమ్మచెట్టు పట్టుకుని గుంజీలు తీసేది. బళ్ళో శిక్షగా నాచేత తీయించే గుంజీలను మా అమ్మ తనంతట తాను, పళ్ళు బిగించి, మొహం ఎర్రబడేలా తీస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వచ్చేటప్పుడు గట్టు వారన పొన్నగంటి కూర గిల్లి కొంగులో వేసుకునేది, మంచు తడి ఆరకముందే అది పొయ్యి మీద పెసరపప్పుతో ఉడికేది.

ఈ సంగతి నాన్న సభలో బయటపడింది. దైవభక్తి మీద నాన్న దంచి కొడుతుంటే వెనక వరసలోంచి ఎవరో లేచి, "మాస్టారూ, మీ ఆవిడ రోజూ గుడికెళ్తున్నారు కదండీ, ఆవిడకి ముందు చెప్పి రాకూడదా?" అన్నారట. హాలు గొల్లుమందట. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే, "రేపట్నుంచి గుడికెళ్ళడానికి వీల్లేదు" అన్నాడు.

"గుడి లోపలికి నేనెప్పుడెళ్ళానండీ?"

"వెళ్ళలేదని నాకు తెలుసు. ఊరికి తెలుసా? నా మాటకి విలువేం ఉంది?"

"మీ మాటకి విలువుంది. నా కాలికే లేదు" అంది అమ్మ.

నడక ఆగింది. నాన్నకు ఆలోచనలో ధైర్యం ఉండేది, దాన్ని నేను తక్కువ చేయను. దేవుణ్ణి కాదనడానికి ఆ రోజుల్లో వెన్నెముక కావాలి. కానీ వేదిక మీద ఓడిపోతానన్న భయం ముందు ఇంట్లో మనిషి పాదం ఆయనకు చిన్నదైపోయింది. శకునం పేరుతో నాయనమ్మ ఆపింది, హేతువు పేరుతో నాన్న ఆపాడు, గుమ్మం లోపల నిలబడ్డ మనిషికి ఆ రెంటికీ తేడా ఏమిటి? మిగిలినవి మళ్ళీ అమ్మ కంచంలోకి వచ్చాయి. కొద్ది రోజులకు ఆ కుడికాలి మడమ మీద ఎర్రగా ఒక పొక్కు లేచింది. అమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసుకోవడం నేను చూశాను. నేను చూస్తున్నానని చూసి, చీర కప్పేసుకుంది.

ఆ పొక్కు ఎండి పొట్టు రాలిన మర్నాడు అమ్మ తెల్లారగానే బూట్లు తొడుక్కుంది. నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. అరుగు మీంచి నాయనమ్మ అలవాటుగానే, "ఎక్కడికే?" అంది.

"ఎక్కడికీ కాదు అత్తయ్యా. నడవడానికి."

"నడిచి ఎక్కడికీ?"

"నడిచి ఇంటికే."

నాయనమ్మ బొగ్గుపొడి పట్టిన వేలు నోట్లోనే ఉంచి ఆగిపోయింది. అమ్మ వెనక్కి తిరగలేదు, కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు. పేపరు వెనక ఉన్న నాన్నతో, "మీకూ చెప్తున్నాను. గుడికి కాదు. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి. వచ్చాక వండుతాను, నలుగురం కలిసి తిందాం. నిన్నటి పులుసు కుడితిలో పోశాను" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను బూట్ల చప్పుడు వెంట పరిగెత్తాను.

ఆ పూట నాయనమ్మ భోజనం దగ్గర కూడా అదే ఆలోచనలో ఉంది. పొన్నగంటి పప్పు కలుపుకుంటూ, తనలో తాను తర్కించుకుంటున్నట్టు, "వెళ్తున్న పని చెడుతుందని కదా అడగద్దనేది. అసలు ఎక్కడికీ కాకపోతే శకునం దేనికి తగుల్తుందే?" అంది. నాన్న ముద్ద నోటి దగ్గర ఆపి తల్లిని చూశాడు. తాను ఎన్నో ఏళ్ళుగా ఆమెతో వాదిస్తున్నాడు, ఒక్కనాడూ ఆమె నమ్మకం లోపలికి వెళ్ళి అది ఎక్కడ నిలబడి ఉందో తడిమి చూడలేదు. అమ్మ తలొంచుకుని వేడి అన్నం ఊదుకుంటూ తింటోంది. మాతో పాటు కూర్చుని.

తర్వాత ఆ మాట వీధి మాట అయింది. కాంతమ్మత్తయ్య గోడ మీంచి, "వదినా, ఎక్కడికీ కాదుకి వెళ్దామా?" అని కేకేసేది. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు గట్టు మీదికి వచ్చారు, చెప్పులతో కొందరు, కొడుకుల పాత బూట్లతో కొందరు. రేవు మెట్ల మీద పోటీలు, ఎగతాళులు. "అమ్మాయ్, నీ గుంజీలకి గట్టు కుంగుతోందే!" అని ఒకరంటే, "కుంగనీ, దిమ్మిస కొట్టే పని తప్పుతుంది గవర్నమెంటుకి" అని ఇంకొకరు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి కొంగులో ఏ ఆకు ఉందో దాన్ని బట్టి ఆ పూట వీధిలో వంట. ఎండ ఎక్కేలోపు ఇంటింటి తాలింపూ మా గుమ్మంలోకి వచ్చేది.

ఇప్పుడు ఆ గట్టు మీద నడవడానికి చోటు లేదు. రేవు మెట్లు కాలువంతా అల్లుకున్న గుర్రపుడెక్క కింద ఉన్నాయి. ఊరి చుట్టూ వరి చేలున్న చోట చేపల చెరువులు నిండి ఉన్నాయి, పొన్నగంటి కూర బజారులో కట్టలుగా వస్తుంది. మునిసిపల్ గ్రౌండులో ట్రాక్ ఉంది, వాహనాలు దిగి చెవుల్లో తీగలు పెట్టుకుని ఆడా మగా నడుస్తున్నారు, మంచిదే, నేనూ నడుస్తున్నాను. ఎక్కడికని ఎవరూ ఎవరినీ అడగరు. ఆ శకునం పోయినందుకు హేతువాదిగా నాకు సంతోషంగానే ఉండాలి. దాంతో పాటు ఆ మాటకు బదులు చెప్పే గొంతులు కూడా పోయాయి.

పోయిన వానాకాలంలో అమ్మ వెళ్ళిపోయింది, నిండు వయసులో, నిద్రలో. వీధి వసారాలో పడుకోబెట్టాక పెద్దావిడ ఒకామె తెల్ల దారం తెచ్చింది. పోయిన వాళ్ళ కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలట, కట్టకపోతే మంచిది కాదట. నాన్న ఉండి ఉంటే ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. నేను అమ్మ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాను. చిటికెన వేలు లేని చోట చర్మం నున్నగా ఉంది, మడమలు గట్టిగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క పుండు లేదు.

"ఈ కాళ్ళు కట్టొద్దండీ" అన్నాను. ఆమె నా మొహం చూసి, దారం చుట్ట చుట్టి కొంగున ముడేసుకుంది.