రేకుల హాలుకు ఇంటి కాగితం

మా సినిమా హాల్లో ఇరవై ఏళ్లు మిషన్ నడిపిన ఆపరేటర్ భాయి ఇక లేరు. పోయిన వారం ఒకరోజు తెల్లవారగానే మహబూబ్‌నగర్ నుంచి ఆయన అల్లుడు మా వీధి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి చెప్పాడు. మా మోత్కూరులో ఆయన వేసిన ఆట చూడని ఇల్లు లేదు. మా వల్ల ఆయన ఏం పోగొట్టుకున్నారో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అందుకే రాస్తున్నాను.

శుక్రవారం కొత్త పిక్చర్ వచ్చే రోజు. భాయి జుమ్మా నమాజు చేసి వచ్చాకే మ్యాట్నీ మొదలయ్యేది. ఆలోగా నేను మిషన్‌కు పసుపు, కుంకుమ పెట్టేదాన్ని. ఒకసారి ముందరి అద్దానికీ పెట్టబోతే గుమ్మంలోంచే కేకేశారు.

“అద్దానికి వద్దు చెల్లె! తెరమీద హీరోకు కామెర్లైనట్టుంటది.”

రీలు తెగి జనం ఈలలేస్తే కిటికీలోంచి తల బయటపెట్టేవారు. “తెగింది రీలే, తలకాయ గాదు. జర ఆగుండ్రి!”

నాలుగేళ్ల కింద డిజిటల్ సౌండు వచ్చింది. అది లేని హాలుకు కొత్త పిక్చర్ ఇచ్చేది లేదన్నారు పంపిణీదారులు. పాత పిక్చర్లకు సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. అప్పు చేయక తప్పలేదు. హాలు జాగా కిరాయిది, మా ఇల్లు అప్పటికే తాకట్టులో ఉంది.

“నా ఇంటి కాయితం పెట్టుండ్రి సేటు” అన్నారు భాయి.

“నీకున్నది గా ఇల్లొక్కటే. రేపు ఏమన్నైతే?” అన్నారు మా ఆయన.

“హాలు బందైతే ఇంట్ల గూసొని నేనేం నడపాలె, కుట్టుమిషనా?”

నేను వద్దనాల్సింది. అనలేదు. ఆ కాగితాన్ని దేవుని పటం ముందు పెట్టి, దండం పెట్టుకొని, నా చేతులతోనే మా ఆయనకు ఇచ్చాను. భక్తి అనుకున్నాను. అందులో స్వార్థమే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది.

తెచ్చిన డబ్బంతా సౌండు మిషన్‌కు, స్పీకర్లకే అయిపోయింది. పైకప్పు సంగతి ఎవరికీ తట్టలేదు. మాది రేకుల హాలు. మొదటి ఆటలో బాంబు పేలగానే కప్పంతా గడగడలాడింది. హీరో మాటలు మోగి ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటీ తెలియలేదు.

“సేటూ, టికెట్ కొంటే రాళ్లవాన చూపెడ్తున్నవేందే!” అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. భాయి మిషన్ గదిలో రెండు చెవులూ మూసుకొని కూర్చున్నారు.

రేకుల కింద ఇంకో కప్పు వేద్దామంటే మళ్లీ అప్పు పుట్టలేదు. ఏడాది తిరగకముందే హాలు మూతపడింది. ఫైనాన్స్ వాళ్లు వచ్చి తాళం వేసింది మాత్రం భాయి ఇంటికి.

మహబూబ్‌నగర్ పోవడానికి ఆయన సామాను మూటలు కడుతుంటే, “మమ్మల్ని తిట్టు భాయి” అని ఏడ్చాను.

“తిడితే తాళం ఊడ్తదా చెల్లె? సేటును ఒక్కన్ని ఉండనియ్యకు. గాయన మొఖం బాగలేదు.”

ఆ రోజు నుంచి మా ఆయనను కనిపెట్టుకొని ఉన్నాను. ఆయన ఇవాళ బతికి ఉన్నారంటే ఆ ఒక్క మాట వల్లే.

ఫోన్ వచ్చిన రోజు మా ఆయన, “ఏ ముఖం పెట్టుకొని వస్త?” అని గడప దిగలేదు. నేనొక్కదాన్నే బస్సెక్కాను. మహబూబ్‌నగర్‌లో వాళ్లది ఒకే ఒక్క కిరాయి గది. ముందు వాకిలి జాగా కూడా లేదు. చివరి స్నానం చేయించడానికి జాగా లేక గల్లీలోనే చుట్టూ దుప్పట్లు కట్టారు. ఆయన భార్య నన్ను చూసి, కూర్చోమని చాప కొంచెం జరిపింది. కూర్చోలేకపోయాను. కర్పూరం వాసన వేస్తున్న నీళ్లు దుప్పట్ల కింది నుంచి సన్నగా పారి, నా పాదాలు తడిపి, పక్కింటి మెట్ల ముందు నుంచి మోరీలోకి పోతున్నాయి.