పాలెం బావి శాంపిలు

సైఫుల్లా పెడన కాలవలో అద్దకం గుడ్డలు జాడిస్తూ పెరిగినవాడు. ఉప్పెనలో షావుకారు సరుకంతా బురదపాలై ఆ పని పోయింది. బందరులో నీటి పరీక్షల ఆఫీసుకు సీసాలు మోసే మనిషి కావాలంటే వెళ్ళి చేరాడు. తాత్కాలికం అన్నారు. ఉప్పెన తర్వాత రెండో వేసవి వచ్చినా అది తాత్కాలికంగానే ఉంది.

కోడూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి సైకిలు. హంసలదీవి వైపు ఊళ్ళలో బావులూ కాలవలూ నెలకోసారి చుట్టివచ్చి, చోటుకొక సీసా నింపి తేవాలి. సీసాను ఆ నీళ్ళతోనే కడిగి నింపాలి, బిరడా బిగించి చోటు పేరు అంటించాలి. ఎవరి నీళ్ళలో ఉప్పు ఎంతుందో ఆఫీసులో తేలుస్తారు. ఆ వైపుకున్న ఒక్క ట్యాంకరూ ఏ ఊరికి వెళ్ళాలో దాన్నిబట్టి ఆఫీసరు రాజారత్నం గారు చెబుతారు.

చేపలు పట్టేవాళ్ళ పాలెంలో ఉన్నది ఒకటే వరల బావి, పోలమ్మ ఇంటి ముందు. ఉప్పెన తీశాక అందులోంచి ముగ్గురిని పైకి తీశారు. ఒకరు పోలమ్మ చిన్న కూతురు. తర్వాత బావిని తోడించారు, బ్లీచింగు చల్లారు, మళ్ళీ తోడించారు. ఒక వానాకాలం కురిసి వెళ్ళేసరికి ఉప్పు విరిగి నీళ్ళు తేటబడ్డాయి. పాలెం వాళ్ళు వాటితో వలలు కడుక్కుంటారు. తాగడానికి మాత్రం ట్యాంకరు కోసం చూస్తారు.

"ఈ నెల కూడా మంచిగా వస్తే పాలెం ట్యాంకరును, నీళ్ళింకా ఉప్పగానే ఉన్న ఆ దిబ్బ మీది ఊరికి మార్చేద్దామయ్యా," అన్నారు రాజారత్నం గారు. ఆ మాట సైఫుల్లా పాలెం బావి దగ్గర నోరు జారి అనేశాడు.

పోలమ్మ పొరుగింటి సత్యవతి చేపల తట్ట దభీమని దించింది. "మార్చేత్తే మేవేం తాగాలి సాయిబుగారూ, సముద్రవా?"

"బావి నీళ్ళు బాగున్నాయి కదక్కా."

"అంత బాగుంటే మీ ఆఫీసరుగారికి ఓ బిందెడు పట్టికెళ్ళండి. కాఫీ కాసుకుంటారు!"

ఆడవాళ్ళంతా నవ్వారు. పోలమ్మ నవ్వలేదు. ఎండుచేపలు తిరగేస్తూనే అడిగింది. "ఆ సీసాలో ఉప్పేగా బాబూ మీకు తెలిసేది?"

"అంతే పిన్నీ."

"అయితే ఉప్పే తెలవనీండి." గడ్డంతో మురుగుకాలవ వైపు చూపించింది. పోటు వేళ. సముద్రపు నీరు కాలవలోకి ఎగదన్ని గట్టును ఒరుసుకుంటోంది.

అందరూ చూస్తుండగానే సైఫుల్లా కాలవలోకి దిగి సీసా ముంచాడు. దానిమీద 'పాలెం బావి' అని అంటించాడు. ట్యాంకరు కదల్లేదు. మరుసటి నెల సత్యవతి ఎండు సావిడి చేపలు పొట్లం కట్టి అతని సంచిలో పడేసి, "అల్లుడుగారిలా వచ్చిపోతన్నారు, ఉత్త చేతుల్తో ఎలా పంపుతాం?" అంది. ఆ నెలా సీసా కాలవలోనే మునిగింది.

దిబ్బ మీది ఊళ్ళో వెంకటపతి అనే పెద్దాయన ఎప్పుడూ తనే నీళ్ళు తోడి సీసాలో పోసేవాడు. ఆ పై నెల చేద పైకి లాగుతూ అన్నాడు. "ట్యాంకరొస్తుందన్నారు కదండీ. ఈ నీళ్ళలో పప్పు ఉడకదు. సరే, పచ్చడి మెతుకులు తింటాం. మనవరాలికి పోసే పాలు కూడా ఇరిగిపోతున్నాయండీ. మా సంగతి పైవాళ్ళకి చెప్పారా?"

"చెప్పానండీ."

అబద్ధం కాదు. ఈ ఊరి సీసా ప్రతి నెలా నిజమే చెప్పింది. పక్క సీసా దాని నోరు నొక్కింది.

పాలెం వెళ్ళే కట్ట మీద సైకిలు ఆపి, ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. రాజారత్నం గారితో చెబితే? ఆ బావిలో ఉన్నదేమిటో తేల్చే పరీక్ష ఆఫీసులో లేదు. చెప్పడం మొదలుపెడితే కాలవ సంగతీ చెప్పాలి. అప్పుడు ఉద్యోగం పోతుంది, ట్యాంకరూ పోతుంది. ఏ సీసా నింపినా ఒకరి నోటి దగ్గర నీళ్ళు లాక్కోవడమే. ఎండ మాడ్చేస్తోంది. కట్ట మీద అటు వెళ్ళినా ఊరే, ఇటు వచ్చినా ఊరే.

"కాలవ నిండుగా ఉంది, కానీండి," అంది సత్యవతి.

అతను బావి గట్టెక్కి, సీసాకు తాడు కట్టి లోపలికి దించాడు. సీసా నీళ్ళను తాకిన చప్పుడు పైకి వినిపించింది.

మళ్ళీ వచ్చేసరికి ట్యాంకరు దిబ్బ మీదికి మారింది. కట్ట మీద పాలెం ఆడవాళ్ళు బిందెలతో అటే నడుస్తున్నారు. ఆ ఊరివాళ్ళు పట్టుకున్నాక మిగిలితేనే వీళ్ళకి. సైకిలు గంట విని సత్యవతి పక్కకు తొలిగింది. "దారియ్యండే, సర్కారొత్తంది!" ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాలెంలో పోలమ్మ ఒక్కతే ఉంది. అతను సీసా కడిగి నింపాడు. గొంతు పిడచకట్టుకుపోయింది.

"పిన్నీ, కాసిని మంచినీళ్ళిస్తావా?"

"బావి ఉందిగా బాబూ. మంచియ్యేనని మీరే తేల్చారంట."

ఎత్తిపొడుపనుకుని ఆమె ముఖంలోకి చూశాడు. అలా లేదు. ఆమె ఎదురుచూస్తోంది. అతను మళ్ళీ చేద వేసి తోడాడు. గట్టున ఆనించి, వంగి, దోసిలి పట్టి తాగాడు. పోలమ్మ చేపలు వదిలేసి, అతని గొంతులో గుటక దిగేదాకా కన్నార్పకుండా చూసింది.

"ఎలా ఉన్నాయి?" అని అడిగింది మెల్లిగా.

తియ్యగా ఉన్నాయి. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాక, సైఫుల్లా తల వంచుకుని సీసాకు బిరడా బిగించసాగాడు.