అయిదు లెక్కపెట్టిన ఆదివారం

చోడవరంలో పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే దారిలో ఒక పాత ధాన్యం గోదాము ఉంది. వారంలో నాలుగు సాయంత్రాలు, ఆదివారం ఉదయం అందులో జియు జిట్సు నేర్పుతారు. తెలియనివాళ్ళకు ఒక మాట: ఇది కుస్తీకి దూరపు చుట్టం. కొట్టుకోవడం ఉండదు. ఎదుటివాడిని కింద పడేసి, ఏదో ఒక కీలు దగ్గర పట్టు బిగించి, వాడు చేత్తో రెండుసార్లు తట్టేదాకా ఆగడమే ఆట. తట్టాడంటే ఒప్పుకున్నాడని అర్థం, వెంటనే వదిలేయాలి. చేరిన ఏడు నెలల్లో నేను ఆ గోదాములో తట్టని పరుపు లేదు, తట్టని భుజం లేదు. ఆ విషయంలో నాకు పోటీ కూడా లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బరువు యాభై నాలుగు కిలోలు, ఆటకి వేసుకునే మందపాటి కోటు, అదీ చెమటకి తడిసినదానితో కలిపి. మిగతావాళ్ళలో సగం మంది చెరుకు లారీలకు లోడు ఎత్తేవాళ్ళు, సగం మంది పోలీసు సెలక్షన్లకు పరుగులు తీసేవాళ్ళు. మాస్టారు మిలిటరీలో పదిహేడేళ్ళు చేసి వచ్చిన మనిషి. నా మీద తనకున్న అభిప్రాయాన్ని ఆయన ఏనాడూ బయటపెట్టలేదు. అది ఆయన సంస్కారం.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆయన మణికట్టు పట్టు చూపించారు.

ఎదుటివాడు మన కాలరు పట్టుకుంటాడు. మనం వాడి మోచేతిని మన ఛాతీకి హత్తుకుని కదలకుండా చేస్తాం. తర్వాత వాడి పిడికిలి వెనక చెయ్యి వేసి, మెల్లగా లోపలికి మడుస్తాం. అంతే. బలం అక్కర్లేదు, బరువు అక్కర్లేదు. నేను పదేళ్ళుగా బోర్డు మీద గీస్తున్న మీట బొమ్మే అది, కాకపోతే ఈసారి దానికి గోళ్ళు ఉన్నాయి.

"మోచెయ్యి కట్టేసేవనుకో, ఇంక మణికట్టుకి పారిపోడానికి దారుండదు," అన్నారు మాస్టారు. వెంటనే ఒక షరతు కూడా పెట్టారు. ఇది చిన్న కీలు, నొప్పికీ దెబ్బకీ మధ్య దూరం బెత్తెడు కూడా ఉండదు. అందుకని నొక్కేవాడు మనసులో మూడు లెక్కపెట్టుకోవాలి. మూడు అయ్యాక ఎదుటివాడు తట్టినా తట్టకపోయినా వదిలేయాలి.

ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. షేరు ఆటోలో కడ్డీ పట్టుకున్న ప్రతి చేతినీ చదువుతూ కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్ రూములో కెమిస్ట్రీ ఆయన టీ గ్లాసు అందించబోతే నేను చూసిన చూపుకి, గ్లాసు బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. మంచి మనిషి. ఆ తర్వాత నాకు టీ అందించలేదు.

ఆదివారం నాకు జతగా మాడుగుల హల్వా ఆయన పడ్డాడు. హల్వా వండి అమ్మడం ఆయన ఇంటి వృత్తి. నలభై దాటిన మనిషి, అడ్డంగా నాకు రెట్టింపు. డాక్టరు రోజూ నడవమంటే నడక విసుగేసి, బస్సెక్కి ఇక్కడికి వచ్చి కుస్తీ పడుతున్నాడు. నన్ను కింద పడేసేటప్పుడు కూడా గారు అంటాడు.

యథాప్రకారం రెండు నిమిషాల్లో నేను ఆయన కింద ఉన్నాను. ఆయన కుడిచేత్తో నా కాలరు పట్టుకున్నాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మోచెయ్యి దానంతట అది నా ఛాతీ మీదకి వచ్చి వాలింది. రెండు చేతులతో హత్తుకున్నాను. ఆయన లాగాడు. రాలేదు! పిడికిలి వెనక చెయ్యి వేసి మడవడం మొదలుపెట్టాను.

ఒకటి. ఆయన ముఖంలో మార్పు లేదు. రెండు. పెదవి కాస్త బిగించాడు. మూడు. ప్రశాంతంగా గోదాము కప్పు వైపు చూస్తున్నాడు.

ఇక్కడ వదిలేయాలి. వదల్లేదు. ఏడు నెలల్లో మొదటి గెలుపు బెత్తెడు దూరంలో ఉంది. ఇంకొంచెం నొక్కాను. లోపల ఎక్కడో చిన్న చప్పుడయింది, పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు. వినిపించింది మా ఇద్దరికే, కానీ మాస్టారు వచ్చేశారు.

ఎందుకు తట్టలేదని ఆయన్ని అడిగారు. హల్వా ఆయన మణికట్టు పట్టుకుని, తప్పు తనదే అన్నట్టు చెప్పాడు.

"తెడ్డు తిప్పుతుంటే సెయ్యి లాగడం మొదలెట్టిందంటే, నెయ్యి ఒదిలే టైమొచ్చిందని మాకు గుర్తండి. అప్పుడు ఆపితే అడుగంటిపోద్ది. నొప్పొచ్చేసరికి అలవాటుగా ఓర్సుకున్నానండి."

ఎంతవరకు లెక్కపెట్టావని మాస్టారు నన్ను అడిగారు. సుమారు నాలుగు అన్నాను. ఫిజిక్స్ చెప్పేవాడు సుమారు అనకూడదు. అయిదు.

ఎముక బాగానే ఉందని, నరం సాగిందని, రెండు వారాలు చేత్తో ఏ పనీ చెయ్యకూడదని డాక్టరు చెప్పాడు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఒక పెళ్ళివారికి హల్వా అందాలి. నానబెట్టి రుబ్బి తీసిన గోధుమపాలు అప్పటికే పులిసి సిద్ధంగా ఉన్నాయి, ఇంకో రోజు ఆగవు. తెడ్డు ఆయనా, ఆయన భార్యా మార్చుకుంటూ తిప్పాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేను అయిదు దాకా లెక్కపెట్టడం వల్ల ఒక పెళ్ళిలో హల్వా లేకుండా పోతోంది.

నేను వస్తానన్నాను. ఆయన మర్యాదకి వద్దన్నాడు. మాస్టారు మర్యాద చూడలేదు. "తెడ్డు నువ్వు పట్టు. ఈసారి లెక్కెట్టకు," అన్నారు.

సెలవు చీటీలో సొంత పని అని రాసి, సోమవారం పొద్దున్నే మాడుగుల బస్సెక్కాను. ఆయన భార్య గుమ్మంలోనే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మా ఆయన సెయ్యి ఇరిసింది నువ్వేనేటి బాబూ?" అంది. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ గొంతులో. నిజం చెప్పాలంటే అది నాకు కొంచెం గర్వంగా అనిపించింది. బయటికి అనలేదు.

కట్టెల పొయ్యి మీద కళాయి, అందులో గోధుమపాలూ పాకమూ నెయ్యీ. తెడ్డు నా భుజం ఎత్తుంది. మొదటి పావుగంట ఉత్సాహంగా తిప్పాను. రెండో పావుగంటలో మణికట్టు మండడం మొదలైంది. కట్టు కట్టుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చున్న ఆయన కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక చెప్పాడు: మణికట్టుతో తిప్పకండి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకోండి, నడుంతో తిప్పండి.

మోచెయ్యి ఒంటికి అదిమాను. నడుం కదిపాను. తెడ్డు కళాయి అంచు వెంబడి తేలిగ్గా జారింది. నాకు ఒళ్ళు జల్లుమంది. ఇది మాస్టారు చెప్పిందే. మోచెయ్యి ఒంటికి కట్టేస్తే మనిషి మొత్తం చేతిలోకి వస్తాడు. ఆ సంగతి మాస్టారు మిలిటరీలో నేర్చుకున్నారు, ఈయన కళాయి దగ్గర నేర్చుకున్నాడు, నేను బోర్డు మీద పదేళ్ళు గీసి కూడా నేర్చుకోలేదు. ఈ మాటే గట్టిగా అన్నాను. "మాటాడితే తెడ్డు ఆగిపోతంది బాబూ," అంది ఆవిడ.

ఆవిడా నేనూ మార్చుకుంటూ తిప్పాం. ఎంతసేపో తెలీదు. నా వంతులో హల్వా బరువెక్కింది. ముంజేయి మొత్తం లాగేస్తోంది. ఆపేద్దామని తల ఎత్తాను. ఆయన పీట మీంచి లేచి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు కళాయిలో లేవు, నా చేతి మీద ఉన్నాయి.

"సెయ్యి లాగతందా అండి?"

లాగుతోందన్నాను.

"అయితే తిప్పండి. వచ్చేస్తంది."

తిప్పాను. కళాయి అంచున ముందు ఒక మెరుపు కనిపించింది, తర్వాత ముద్ద చుట్టూ నెయ్యి బంగారు గీతలా ఊరింది! నేను అరిచిన అరుపుకి పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. ఆవిడ కాస్త తీసి నోట్లో వేసుకుని, చాలాసేపు ఆలోచించింది.

"పెళ్ళిలో పెట్టొచ్చు," అంది.

మూడు వారాల తర్వాత ఆయన గోదాముకి తిరిగొచ్చాడు. మాస్టారు ఆయనొక్కడికీ వేరే నియమం పెట్టారు. తట్టడానికి ఈయన చెయ్యి రాదు కాబట్టి, నొప్పి మొదలవగానే నోటితో చెప్పాలి. ఏం చెప్పాలో ఆయనే ఎంచుకున్నాడు.

మళ్ళీ జత పడ్డాం. మళ్ళీ నేను కిందే. కానీ ఆయన కుడిచెయ్యి మళ్ళీ నా కాలరు మీదకి వచ్చింది, మళ్ళీ మోచెయ్యి దొరికింది. అందరూ ఆట ఆపి మా చుట్టూ చేరారు. పిడికిలి వెనక చెయ్యి వేశాను. ఆ చెయ్యి ఏం చేస్తుందో, అది లేకపోతే ఎవరు తిప్పాలో నాకిప్పుడు తెలుసు. ఒకటి అనుకున్నాను. రెండు అనుకోబోతూ వదిలేశాను.

"నెయ్యొచ్చీసింది," అన్నాడాయన అదే క్షణంలో.

ముందు నేను వదిలానా, ముందు ఆయన ఒప్పుకున్నాడా అన్నది ఆ రోజు తేలలేదు. మాస్టారు తీర్పు చెప్పకుండా నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, తరవాతి జతని పిలిచారు. హల్వా ఆయన మాత్రం గెలుపు నాదేనంటాడు. ఆయన పెద్దమనిషి, ఆయన మాట కాదనడం బాగుండదని నేనూ ఒప్పుకున్నాను.