ఆ పుస్తకంలో కొట్లాట ఉంది

నిన్న ఫోన్‌లో ఆ కామిక్ అట్ట ఫొటో కనబడగానే నాకు మైదా జిగురు వాసన వచ్చింది. మీకూ గుర్తుందా? సూపర్‌హీరోలందరూ కలిసి ఒక రాక్షసుడి మీదికి వెళ్లే పెద్ద కథ. మధ్యలో ఒక్కో హీరోకి ఒక్కో విడి పుస్తకం. అదీ చదివితేనే కథ పూర్తవుతుందని ఊరించేవాళ్లు.

చిన్నప్పుడు ఆ విడి పుస్తకాల్లో ఒకటి, నిన్న ఫొటోలో కనబడిందే, నంద్యాల బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగట్లో తీసుకుని, నాయనతో ఆళ్లగడ్డ బస్సెక్కాను. అట్ట మీద రాక్షసుడి దవడ పగలగొడుతున్న మన హీరో, లోపల మాత్రం ఇంట్లో కూర్చుని ఆ యుద్ధాన్ని టీవీలో చూస్తున్నాడు. చివరి పేజీ దాకా అంతే. శిరివెళ్ల రాకముందే పుస్తకం అయిపోయింది.

"నాయనా, దీంట్లో కొట్లాటే లేదు!"

"లేకుంటే నువ్వే గీసుకో పో. నన్నెందుకు పీక్కతింటాండావ్?"

గీశాను. నాలుగు పేజీలు, నీలం సిరాతో. అమ్మ దగ్గర మైదా అడిగి, జిగురు కాచి, చివర్లో అతికించాను.

తిరిగిస్తే అంగడాయన కళ్లెర్రజేశాడు. "ఏందిమ్మా ఇది? పుస్తకం చెడగొట్టినావే!"

"చెడగొట్టలేదన్నా. బాగుచేసినా."

ఆయన ఆ నాలుగు పేజీలూ తిప్పి చూశాడు. పుస్తకాన్ని మళ్లీ తాడుకు తగిలించాడు.

నిన్నటి ఫొటో కింద అందరూ తిట్టేవాళ్లే. ఒక్క దెబ్బ కూడా లేని దండగ పుస్తకమట. మా జిల్లాలోని సంజామల నుంచి ఒకాయన మాత్రం, "ఎందుకు లేదప్పా? చివర్లో నీలం సిరాతో కొట్లాట ఉన్నింది గదా!" అని రాశాడు. దానికి అందరూ పగలబడి నవ్వుతున్నారు.

నవ్వింది చాలు. మీ అందరిలో ఆ పుస్తకం పూర్తిగా చదివింది ఆయనొక్కడే.