ఉక్కు డేగను గీసిన చెయ్యి

కార్మైన్ ఫస్కో పుట్టింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుకునే ఇంట్లో. తండ్రి ఉలి పట్టమంటే వాడు పెన్సిల్ పట్టాడు. "చచ్చినవాళ్ల పేర్లు చెక్కితే నాలుగు తరాలు నిలుస్తాయి. కాగితం మీద బొమ్మలు రేపటికి చేపలు చుట్టుకోవడానికి తప్ప దేనికిరా?" అని ఆ పెద్దాయన బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉన్నాడు.

వాడికో విద్య ఉండేది. ఎవరి గీతనైనా అచ్చుగుద్దినట్టు దించేసేవాడు. బళ్లో పంతులమ్మ రాతని దించి స్నేహితులందరికీ సెలవు చీటీలు రాసిచ్చాడు. దొరికినప్పుడు దెబ్బలు తిన్నది మాత్రం వాడొక్కడే. మంచివాడు పాపం. మరీ మంచివాడు. చూసేవాళ్లకి ఒళ్లు మండేది కూడా అందుకే.

పెద్దయ్యాక మన్‌హటన్‌లో లెలాండ్ ప్రాట్ గారి కంపెనీలో కుదిరాడు. పిల్లలు ఎగబడి కొనే బొమ్మల కథల పుస్తకాలు అక్కడ తయారయ్యేవి. వాటిలో రాజు 'ఉక్కు డేగ'. రెక్కలు తొడుక్కుని ఆకాశంలో ఎగిరే ఆ వీరుణ్ణి పుట్టించినవాడు హైమీ వైన్‌ట్రాబ్, బ్రాంక్స్ మనిషి. హైమీ పెన్సిల్‌తో గీస్తే కార్మైన్ సిరా దిద్దేవాడు. మనుషుల నోటి దగ్గర బుడగల్లో మాటలు రాసేది ఎడ్నా. ముగ్గురివీ పక్కపక్క బల్లలే. పొద్దుట వచ్చింది మొదలు ఒకరినొకరు ఆడిపోసుకోనిదే వాళ్లకి పని సాగేది కాదు.

ఆ కథల్లో అసలు మజా మాత్రం విలన్‌ది. సైరస్ థార్న్, ఉక్కు కంపెనీ యజమాని. వాడు అరవడు, కరవడు. నీకు కుర్చీ వేస్తాడు, మీ అమ్మ ఎలా ఉందని అడుగుతాడు, భుజం మీద చెయ్యి వేసి నీ కాళ్ల కింద నేల లాగేస్తాడు. ఎవర్ని చూసి గీశారో ఆఫీసులో అందరికీ తెలుసు. ప్రాట్ గారికీ తెలుసు. ఓరోజు హైమీ వెనకాల నిలబడి, "మీ థార్న్ బాగున్నాడయ్యా. ఒక్కటే లోపం. దొంగపని చేశాక అదంతా హీరోకి పూసగుచ్చినట్టు చెప్తాడు. బుర్రున్నవాడెవడైనా చెప్తాడా?" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. హైమీ అయితే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఆ చలికాలం హైమీ ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో పడ్డాడు. ఈ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. ఒకడు మంచాన పడితే మిగతావాళ్లు వాడి పేజీలు పూర్తిచేస్తారు, అదీ వాడి గీతలోనే. పేజీ ఆగితే వాడి పొయ్యి ఆగుతుంది మరి. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు. కార్మైన్ డేగని హైమీలాగే గీశాడు. చదివే పిల్లలకి అనుమానమే రాలేదు.

మంచు కరిగే వేళకి హైమీ తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో చిన్న వణుకు మిగిలింది. గీత తిన్నగా రావట్లేదని పక్కవాళ్లకి కనబడుతోంది. వాడికి మాత్రం కనబడలేదు. కనబడనట్టు ఉన్నాడో ఏమో!

ప్రాట్ గారు కార్మైన్‌ని గదిలోకి పిలిచారు. కుర్చీ వేశారు. "మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. "హైమీకి చెప్తే మనసు విరిగిపోతుందయ్యా. వాడు ఇంటికెళ్లాక ఆ పేజీలు నువ్వు మళ్లీ గియ్యి. వాడి గీతలోనే. వాడికి తెలియనివ్వకు. స్నేహితుడివి, ఈ మాత్రం చెయ్యలేవా?"

"ఎంత పెద్ద మనసు సార్ మీది!" అన్నాడు కార్మైన్. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి వాడికి. పిచ్చి సన్నాసి!

ఎడ్నా వింటూనే నెత్తి కొట్టుకుంది. "కుర్చీ వేశాడా? అమ్మ గురించి అడిగాడా? నీ మొహం మండా! నెల నెలా ఆ థార్న్ గాడి మాటలు రాసేది నేనే కదయ్యా, నాకు తెలీదా?"

"ఊరుకో ఎడ్నా. హైమీ కోసమేగా."

హైమీ కోసమే, నిజమే.

పుస్తకం అచ్చయి వచ్చేది. హైమీ తిరగేసి, "చూశావురా, ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంకా బాగా కుదురుతోంది!" అనేవాడు. కార్మైన్ తల వంచుకుని సిరా కలుపుకునేవాడు.

ఇంతలో ఉక్కు డేగని టీవీలో తీస్తామని ఎవరో వచ్చారు. హైమీ ఒకే ఒక్కటి అడిగాడు. తెర మీదా, పుస్తకం అట్ట మీదా తన పేరు. "పుట్టించినవాడు హైమీ వైన్‌ట్రాబ్ అని వెయ్యండి సార్. ఇంకేం వద్దు. మా పిల్ల బళ్లో చెప్తే ఎవరూ నమ్మట్లేదట." ప్రాట్ గారు భుజం తట్టి, "న్యాయమైన కోరికే. శుక్రవారం కూర్చుందాం," అన్నారు.

శుక్రవారం గదిలో ఒక వకీలు ఉన్నాడు. కార్మైన్‌ని కూడా పిలిచారు. బల్ల నిండా పేజీలు పరిచి ఉన్నాయి. అన్నీ చలికాలం తర్వాతవే, కార్మైన్ మళ్లీ గీసినవే.

"వకీలు గారికో సందేహం హైమీ," అన్నారు ప్రాట్ గారు. "డేగని ఎవరైనా గియ్యగలరు కదా, పేరెందుకు అంటున్నారు. నీ చెయ్యి ఏదో నువ్వే చూపించు."

"ఎవరైనానా!" హైమీ పకపకా నవ్వాడు. వెతికి ఒక పేజీ తీశాడు. పైనుంచి పడిపోతున్న ముసలావిణ్ణి డేగ పట్టుకునే బొమ్మ. "ఈ మణికట్టు చూడండి. ఇది గీసేటప్పుడు మా అమ్మ చెయ్యి తలుచుకున్నాను. న్యూయార్క్ మొత్తం గాలించండి, ఇంకొకడికి వస్తుందేమో!"

"ఇది ఎవరు గీశారు కార్మైన్?" ప్రాట్ గారు ఎంతో ప్రేమగా అడిగారు.

"హైమీయే సార్."

అబద్ధమాడితే కార్మైన్ చెవులు ఎర్రబడతాయి. ఏళ్ల తరబడి పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడికి అది తెలీకుండా ఉంటుందా? హైమీ ఆ చెవుల వంక చూశాడు. పేజీ వంక చూశాడు. మిగతా పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆఖరికి తన చెయ్యి పైకెత్తి, అది వణుకుతుంటే అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

కార్మైన్ గబగబా పేజీలు పోగుచెయ్యబోయాడు. ప్రాట్ గారు థార్న్‌లా ఏదీ పూసగుచ్చి చెప్పలేదు. ఆయనకి చెప్పాల్సిన అవసరమేముంది?

"వాడే గీశాడు లెండి," అన్నాడు హైమీ వకీలుతో. పోతూ పోతూ కార్మైన్ వీపు తట్టాడు. "బాగా గీశావురా. నాకే తెలీలేదు." సోమవారానికి హైమీ బల్ల ఖాళీ.

కార్మైన్ ప్రాట్ గారి దగ్గరికెళ్లి, "నేనింక గియ్యను సార్," అన్నాడు. జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

"సరే నాయనా, మానెయ్యి. ఇంకొకణ్ణి చూసుకుంటాం. ఎవరైనా గియ్యగలరని నువ్వే చూపించావు కదా."

తన బల్ల దగ్గరికొచ్చేసరికి వాడికి ఒక ఆలోచన తట్టింది. పరమ దరిద్రంగా గీస్తాడు. వంకర ముక్కు, కట్టెపుల్లల్లాంటి చేతులు. పిల్లలు గోల పెడతారు, హైమీని వెనక్కి పిలవక చస్తారా! ఎడ్నాకి చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "గియ్యి! నీ జన్మలో ఒక్కసారైనా పాడు పని చెయ్యి!"

కూర్చున్నాడు. పెన్సిల్ ఆనించాడు. మణికట్టు చక్కగా వచ్చింది. చెరిపేశాడు. మళ్లీ చక్కగానే వచ్చింది. పోనీ తన సొంత గీతలో గీద్దామనుకున్నాడు, హైమీ కంటే ముందు తనకుండిన గీతలో. ఎంత తలుచుకున్నా అదేమిటో గుర్తురాలేదు. పొద్దుగుంకే దాకా గీసి చెరిపి గీసి, చివరికి ఆ పేజీని ఎడ్నా ముందు పడేశాడు.

"చించెయ్ ఎడ్నా. నా వల్ల కావట్లేదు."

ఆవిడ పేజీని రెండు చేతుల్తో పట్టుకుంది. చించబోయి ఆగిపోయింది.

"ఎలా చించమంటావయ్యా," అంది ఏడుస్తూ, "ఇది హైమీ బొమ్మ."