తలకిందుల కలబంద

కలబందంత సిగ్గులేని మొక్క ఇంకొకటి లేదు. పీకి, వేళ్లు పైకి పెట్టి ద్వారబంధానికి వేలాడదీసినా పచ్చగానే ఉంటుంది. కోడుమూరు దగ్గర మా అత్తగారింట్లో దానికున్న మర్యాద మనుషులకు లేదు.

నేను కాపురానికి వెళ్లింది యాభైల మొదట్లో, వానలు మొహం చాటేసిన ఏడు. మా మామ పెద్ద రైతు, అంతకన్నా పెద్ద మూర్ఖుడు. కొత్త కోడలు వచ్చిన ఏడాదిలోపు వాకిట్లో కలబంద వాడితే ఆ పిల్ల ఇంటికి అచ్చిరాదని ఆయన తీర్మానం. వాడిందనే తన తమ్ముడి భార్యను బండెక్కించి పుట్టింట దింపి వచ్చాడట. ఆ తర్వాత కట్టింది మాత్రం ఇరవై ఏళ్లుగా వాడలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చేలో గడ్డి కూడా మొలవని ఆ ఏడు గొప్పలు చెప్పుకోవడానికి ఆయనకు అదొక్కటే మిగిలింది.

నాది మైదుకూరు వైపు, కాలువ కింద ఊరు. మొక్క బతకాలంటే నీళ్లు పోయాలన్నదే నాకు తెలిసిన వ్యవసాయం. నేను వెళ్లిన మూడో నెలలో రెండు ఆకుల కొనలు ఎర్రబడ్డాయి. ఇక నన్నూ బండెక్కిస్తారనుకున్నాను. దాని వేళ్లకు పాతగుడ్డ చుట్టి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, నేను తాగాల్సిన నీళ్లలోంచి రోజూ చెంబెడు పోశాను. నా నాలుక పిడచకట్టుకుపోతున్నా ఆ దరిద్రానికి పోశాను.

పదో రోజు అది కుళ్లి గడప మీద పడింది. మామ పొలానికి వెళ్లాడు. అత్త వచ్చి చూసింది. నేను ఏడుస్తూ చేసిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. దొడ్డి కంచె దగ్గరికి వెళ్లి అలాంటిదే ఇంకొకటి పీక్కొచ్చింది.

"ఆ పిల్లని పంపినాక తొమ్మిది మార్చినా. ఇది పదోది. మీ మామ ఏనాడన్నా తలెత్తి సరిగ్గా చూసినాడా? పట్టు, కడదాం," అంది.

ఇరవై ఏళ్లు దాని కింద నడిచిన మనిషి! నాకు భయం పోయి రోత పుట్టింది.

సాయంత్రం మామ పొరుగూరి సాయిబును వెంటబెట్టుకొచ్చాడు. గడప దగ్గర ఆగి వేలు పైకి చూపాడు.

"చూడప్పా, ఇరవై ఏండ్లాయ. ఒక్కాకన్నా వాడిండాదేమో చూడు."

మా తొందరలో విరిగిన ఆకు నుంచి పసుపుపచ్చటి జిగురు కారి మామ తలగుడ్డ మీద పడుతోంది. అత్తా నేనూ చూస్తూనే ఉన్నాం. తుడుచుకోమని ఇద్దరిలో ఎవరమూ చెప్పలేదు.