నా మెడ తిప్పనన్న మామ

మా వీధి చివర సెలూన్ నడిపే మామ మంగళవారం పొద్దున పోయాడు. గుండెపోటట. మంగంపేట గనుల దగ్గర టిప్పర్‌తో లోడు కోసం వరసలో ఉండగా ఫోన్ వచ్చింది. బండి దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. కాలు ఒకచోట నిలవలేదు. మామకు చెప్పాల్సిన మాట ఒకటుంది. రెండేళ్లుగా రేపు రేపంటూ నెట్టుకొచ్చాను.

చుట్టం కాదు గానీ వీధంతా ఆయన్ను మామా అనే పిలిచేది. గడ్డం గీశాక తలను రెండు చేతులతో పట్టి మెడను అటూ ఇటూ టక్కుమనిపించేవాడు. రోజంతా గుంతల దారిలో కుదుపులు తిన్న నాకు అదే మందు. గడ్డం పెరగకపోయినా దానికోసం వెళ్లేవాణ్ణి.

ఒకరోజు కుర్చీలో కూర్చుని, భుజం నుంచి మంట దిగుతోందని, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి టీ గ్లాసు జారిపోతోందని చెప్పాను. నా తలమీద పెట్టిన చేతులు మామ తీసేశాడు.

"నేను ముట్టనప్పా. నరం యాడ నలుగుతాందో నాకేం తెలుసు? కడపకు పోయి డాక్టరుకు చూపిచ్చుకో."

"చేతగాదని చెప్పు మామా, ముసలోడివైపోయినావు!" అని అందరి ముందూ అరిచి బయటికొచ్చాను. ఇంకో సెలూన్‌కు పోతే అక్కడాయన గడ్డం మాత్రం గీసి చేతులు కడుక్కున్నాడు. మూడో చోటా అంతే. ఎందుకని అడిగితే ఆ సెలూన్ కుర్రాడు చెప్పాడు: "మీ మామ ఫోన్ చేసినాడన్నా. నీ మెడ తిప్పితే ఊరుకోనన్యాడు." నాకు ఒళ్లు మండిపోయింది.

ఎవరూ ముట్టకపోయేసరికి కడపకు పోక తప్పలేదు. అక్కడ స్కానింగ్ చూసిన డాక్టరు, మెడలో డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. ఈమధ్య ఎవరితోనైనా మెడ తిప్పించుకున్నావా అని అడిగాడు. లేదన్నాను. "మంచి పని చేసినావు. తిప్పింటే నరం ఇంకా దెబ్బతినేది." ఆ మెప్పును సిగ్గులేకుండా నేనే మింగాను.

మూడు నెలలు బండెక్కలేదు. మందులు, నేర్పిన వ్యాయామాలు. పిడికిలి మెల్లగా బిగిసింది. మళ్లీ మామ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన పాత మాట ఎత్తలేదు. నురుగు రాస్తూ "వేళ్లెట్లుండాయి?" అన్నాడంతే. ఫోన్‌లోకి తల వంచితే దువ్వెనతో నా గడ్డం పైకెత్తేవాడు. "తలకాయ బరువు మెడకే తెలుస్తాదప్పా" అనేవాడు. తప్పయిందనడానికి నాకు నోరు రాలేదు. అంతా బింకం.

బండి ఇంకొకరికి అప్పగించి వచ్చేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టారు. ఆనాటి నా అరుపు విన్నవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. అందరికీ వినబడేలా "తప్పయింది మామా" అన్నాను. ఆ చేతులను కుడిచేత్తో పట్టుకున్నాను, గట్టిగా, ఐదు వేళ్లతో. పాడె ఎత్తాలి, వదలప్పా అంటున్నారు. నా వేళ్లు వదల్లేదు.